సగం నలుసు

చిలకలూరిపేట చుట్టుపక్కల ఎవరి కంట్లో నలుసు పడినా జానీబీ గుమ్మానికే వచ్చేవారు. ఆ ఊళ్ళో కంట్లో పడడానికి వస్తువులకేం కొదవ లేదు. జిన్నింగు మిల్లు నుంచి పగలంతా దూది నూగు లేస్తుంది. మాఘం వచ్చిందంటే కల్లాల్లో మిరప దుమ్ము. హైవే మీద లారీ పోయిందంటే ఇసక. దేవుడు మనిషికి రెండు కళ్ళిచ్చి, తీరా ఈ ఊళ్ళో పుట్టించడం ఏం న్యాయమో ఆయనకే తెలియాలి.

జానీబీ మిల్లులో పత్తి ఏరే పనికి వెళ్ళేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి అరుగు మీద ఎవరో ఒకరు కన్ను మూసుకుని కూర్చునే ఉండేవారు. ఆమె నోరు పుక్కిలించి, వాళ్ళ తల వెనక్కి వంచి, పై రెప్ప తిరగేసి, నాలుక కొనతో ఒక్క తుడుపు తుడిచేది. వచ్చిన నలుసుని అరచేతిలో వేసి చూపించేది. దాన్ని చూశాక గానీ వచ్చినవాళ్ళకి ప్రాణం కుదుటపడేది కాదు. డబ్బు తీసుకునేది కాదు. తీసుకుంటే హస్తవాసి పోతుందని వాళ్ళమ్మ చెప్పింది. నాలుకతో చేసే పనికి హస్తవాసి ఏమిటని ఎవరూ అడగలేదు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. యాభై దాటాక ఆమె కళ్ళే మసకబారాయి. రెప్ప తిరగేస్తే ఎర్రగా ఏదో ఉన్నట్టు తెలిసేది గానీ అందులో నలుసుందో లేదో కనబడేది కాదు. నాలుకకి ఏమీ తగలకపోతే వచ్చినవాళ్ళు ఊరుకోరు. "ఏదమ్మా, చూపించు" అంటారు. ఒకసారి ఏమీ దొరక్క, బుగ్గన పత్తి గింజ పొట్టు ముక్క పెట్టుకుని దాన్నే తీసి చూపించింది. ఆ మనిషి అప్పటికప్పుడే "అమ్మయ్య" అని లేచి నడిచి వెళ్ళిపోయాడు. నలుసు అంతకుముందే కన్నీళ్ళతో కొట్టుకుపోయి ఉంటుందని జానీబీకి తెలుసు. తప్పు చేశానని ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు. రెండోసారి సహించింది. తరవాత అలవాటైపోయింది.

ఆ పొట్టు ఎక్కడిదో ఆమె భర్త బుడాన్‌కి తెలుసు. అతను పరుపులు కుట్టేవాడు, ఇంటినిండా దూదీ గింజ పొట్టూ అతని చలవే. "ఏందే జానీ, ఇయ్యాల ఏం తీస్తన్నావ్? నల్లదా, తెల్లదా?" అని మేలమాడేవాడు. విచిత్రమేమిటంటే చూపు తగ్గేకొద్దీ ఆమె పేరు పెరిగింది. కళ్ళున్న రోజుల్లో పదిమందిలో ఇద్దరికి "ఏం లేదు, పోండి" అని చెప్పేది. ఇప్పుడు ఒక్కరు కూడా ఉత్త చేతులతో వెళ్ళడం లేదు.

ఆమెని అందరికంటే ఎక్కువ నమ్మినవాడు బుల్లయ్య. పత్తి, మిరప వేసే రైతు, గొంతు పెద్దది, కన్ను ఒకటే. వయసులో ఉండగా ఎద్దు తోక తగిలి ఎడమ కన్ను చెడితే, ఎవరో పెట్టిన క్యాంపులో ఆపరేషన్ చేశారు. వారం దాకా కట్టు విప్పొద్దన్నారు. ఈయన ఇంటికి రాగానే, చూపు వచ్చిందో లేదో చూద్దామని కట్టు విప్పి, కాలవ నీళ్ళతో మొహం కడుక్కుని, మిరపకాయల బండి తోలుకుని పోయాడు. కన్ను చీము పట్టి పోయింది. ఆ తరవాత ముప్పై ఏళ్ళూ ఆపరేషన్ సంగతే చెప్పాడు గానీ కాలవ సంగతి ఎవరికీ చెప్పలేదు. "కత్తి పెట్టించుకుంటే పోయింది. ఇంక చచ్చినా ఆసుపత్రి గడప తొక్కను" అని రచ్చబండ దగ్గర అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాడు.

రెండువేల ఒకటిలో జానీబీకి పరుపు సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాకపోయేసరికి బుడాన్ పట్టుబట్టాడు. పెదకాకానిలో మేనత్తని చూసొస్తామని ఊళ్ళో చెప్పి, ఇద్దరూ గుంటూరు కంటాసుపత్రికి పోయారు. అక్కడ డాక్టరమ్మ ప్లాస్టిక్ కన్ను ఒకటి విప్పి చూపించింది.

"ఇదిగో అమ్మా, నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాంటి పొర ఉంటుంది. దాని వెనక రంగు పరదా. పరదా మధ్యలో కంత, దాన్నే మీరు పాప అంటారు. పాప వెనకాల ఈ లెన్సు. మీకు లెన్సు తెల్లబడిపోయింది, అందుకే మసక. అది తీసి కొత్తది పెడతాం. అన్నిటికన్నా లోపల ఈ తెర ఉంది చూశారా, బొమ్మ పడేది దీని మీదే."

జానీబీ నోరు తెరుచుకుని చూసింది. ఇన్నేళ్ళూ తను ఊడ్చింది వట్టి వాకిలేనని, లోపల ఇన్ని గదులున్నాయని ఆమెకి తెలియదు.

"పల్లెల్లో నాలుకతో నలుసులు తీసేవాళ్ళుంటారట కదమ్మా. నోట్లో క్రిములన్నీ కంట్లోకి పోతాయి. అలాంటివాళ్ళ దగ్గరికి మీరెప్పుడూ వెళ్ళకండి" అంది డాక్టరమ్మ.

"అయ్యో, నేనెందుకు పోతానండీ" అంది జానీబీ. అది అబద్ధం కాదు. ఆమె ఎవరి దగ్గరికీ పోలేదు, అందరూ ఆమె దగ్గరికే వచ్చారు. బుడాన్ దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

కంటి పక్కన మత్తు సూది వేశారు. ముఖం మీద కంత ఉన్న గుడ్డ కప్పారు. నీళ్ళు పారుతున్నట్టు, ఎవరో లోపల గిన్నె కడుగుతున్నట్టు అనిపించింది తప్ప నొప్పి తెలియలేదు. మర్నాడు కట్టు విప్పితే నర్సు చీర నీలంగా కనబడింది. నీలం అంత నీలంగా ఉంటుందని మరిచిపోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

నల్ల కళ్ళద్దాలతో ఊళ్ళోకి దిగాక మేనత్త సంగతి ఎవరు నమ్ముతారు? బుల్లయ్య మనసు కష్టపెట్టుకున్నాడు. "నువ్వు కూడానా జానీబీ? కత్తి తగిలిన కంటితో ఇంకోళ్ళ కళ్ళు చూస్తే హస్తవాసి నిలుస్తదా?" అన్నాడు.

నిలవలేదు. గాయం మానాక ఆమె నాలుక మానేసి, తడి గుడ్డ కొన పట్టుకుంది. అంతా కనబడుతుండడంతో బుగ్గన పొట్టు పెట్టుకోబుద్ధి కాలేదు. ఉంటే తీసింది, లేకపోతే లేదంది. "ఇది నలుసు కాదు, కళ్ళకలక. చుక్కల మందు వేయించుకో" అని చెప్పింది. నెల తిరక్కుండా ఊరంతా ఒకటే మాట, ఆపరేషన్ చేయించుకున్నాక జానీబీకి కళ్ళు పోయాయని. అరుగు ఖాళీ అయింది.

ఆఖరి తీత అయిపోయి పత్తి కట్టె పీకే రోజుల్లో బుల్లయ్య తువ్వాలు కంటికి అదుముకుని, గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఎండిన కట్టె పుల్ల మంచి కంట్లో పొడుచుకుంది. రెండు రోజులు ఓర్చుకున్నాడు.

"ఎన్ని మాటలన్నా నీ దగ్గరికే వచ్చా. పుల్ల ముక్క లోపలుంది. తియ్యి" అన్నాడు.

జానీబీ వెలుతురుకి తిప్పి చూసింది. పుల్ల లేదు. కన్ను చింతనిప్పులా ఉంది. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాంటి పొరలో, బియ్యపు నూకంత తెల్ల మచ్చ ఉంది. ఇదీ పోతే బుల్లయ్యకి ఇక చీకటే.

"అన్నా, నలుసు లేదు. పుండు పడింది. ఇప్పుడే గుంటూరు పో."

"ఆ మాట చెప్పడానికి నువ్వెందుకు? తియ్యి."

"లేనిది ఏం తియ్యనన్నా?"

"ఇదివరకు తీసేదానివిగా!"

అప్పుడు జానీబీ తెగించింది. ఇదివరకు తీసినవాటిలో సగానికి సగం తన బుగ్గలోవేనని, బుడాన్ పరుపుల పొట్టేనని చెప్పేసింది. జీవితంలో అంత కష్టమైన మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఊరు ఊరంతా వచ్చి కొట్టినా పడతాననుకుంది.

బుల్లయ్య అంత నొప్పిలోనూ నవ్వాడు. "ఊరుకోవే! నాకు ఎన్నిసార్లు తీశావ్, నాకు తెలవదా? కోపం ఉంటే తిట్టు. అంతేగానీ ఇట్టాంటి మాటలు చెప్పమాక."

ఆమె బుడాన్ వంక చూసింది. బుడాన్ చూపు తిప్పుకుని, కుడుతున్న పరుపులోంచి గింజ పొట్టు ముక్క ఒకటి గిల్లి ఆమె చేతికిచ్చాడు.

ఆమె బుల్లయ్య తల వెనక్కి వంచింది. నాలుక కంటికి జానెడు దూరంలోనే ఆపి, గట్టిగా ఉఫ్ అని ఊది, పొట్టుని అతని అరచేతిలో పెట్టింది. బుల్లయ్య దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

"చెప్పానా! ఉందిగా!"

"ఉంది. కానీ విరిగిందన్నా. సగమే వచ్చింది. రెండో సగం నల్లగుడ్డులో దిగబడింది. అదే కన్ను తినేది. దాన్ని నా నాలుక అందుకోలేదు, గుంటూరు మిషనే తియ్యాలి. పొద్దుగూకేలోగా తియ్యకపోతే లోపలి తెర దాకా పోద్ది."

మిషను అన్న మాట బుల్లయ్యకి నచ్చింది. కత్తి అయితే ఒట్టు అడ్డం వస్తుంది, మిషను సంగతి ఒట్టులో లేదు. పైగా తను పోయేది ఆసుపత్రికి కాదు, జానీబీ మొదలుపెట్టిన పని పూర్తిచేయించుకోవడానికి. బుడాన్ భుజం పట్టుకుని బస్సెక్కాడు.

కట్టె పుల్లతో బూజు లోపలికి చేరిందని, ఇంకా రెండు రోజులు ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మత్తు చుక్కలు వేసి పుండుని గీకింది. గంటగంటకీ మందు చుక్కలు, రోజుల తరబడి మంచం. చివరికి చిన్న మచ్చ మిగిలింది గానీ చూపు నిలబడింది. బుడాన్ వచ్చి ఆ మాట చెబితే జానీబీ పొయ్యి దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చింది.

బుల్లయ్య నల్ల కళ్ళద్దాలతో తిన్నగా ఆమె ఇంటికే వచ్చాడు. రచ్చబండ మీది జనం కూడా వెనకే వచ్చి వీధిలో నిలబడ్డారు. ఆయన్ని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, జానీబీ మళ్ళీ చెప్పింది.

"అన్నా, ఇప్పుడైనా నమ్ము. నీ కంట్లో సగం లేదు, మొత్తం లేదు. అదంతా అబద్ధం. నలుసు లేదన్న ఆ మొదటి మాటే నిజం."

బుల్లయ్య కళ్ళద్దాలు తీసి కారుతున్న కన్ను తుడుచుకున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"తెలుసే. గీకిన రోజే డాక్టరమ్మ చెప్పింది. నువ్వా అబద్ధం ఆడకపోతే ఈపాటికి గుడ్డోణ్ణి. నీ రుణం తీరేది కాదు." తలుపు వైపు చూశాడు. "కానీ జానీబీ, ఊళ్ళో మాత్రం ఆ మాట ఎత్తబాక. సగం నువ్వు తీశావని, మిగిలిన సగం కోసమే పోయానని దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటా వచ్చా. ముప్పై ఏళ్ళ ఒట్టు. పరువు పోద్ది."

జానీబీ ఏదో అనబోయింది. ఆయన అప్పటికే కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు బార్లా తెరిచాడు. వీధిలో మిల్లులో పనిచేసే ఒకామె ఎర్రబడ్డ కన్నుతో నిలబడి ఉంది. బుల్లయ్య గొంతు మళ్ళీ ఊరంతా వినబడేంతయింది.

"రామ్మా, రా! ముందు ఒక సగం జానీబీ చేత తీయించుకో. రెండో సగానికి గుంటూరు బస్సు నేనెక్కిస్తా!"

ఆమె వచ్చి అరుగు మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది. జానీబీ వంగి చూసింది. కన్ను బాగా ఎర్రగా ఉంది, నలుసు లేదు, ఆసుపత్రికి పోవలసిన కన్నే. జానీబీ తల తిప్పకుండానే, పరుపు కుడుతున్న బుడాన్ వైపు చెయ్యి చాపింది.