దేముడమ్మ ఓటు

ఎచ్చెర్ల దగ్గరి ఆ ఊళ్లో మెరకవీధి నుయ్యి ఏటా చైత్రంలోనే అడుగంటేది. వానలు పడేదాకా ఆడవాళ్లు ఎండిన గెడ్డ ఇసకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి కుండలు నింపుకోవాలి. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో వార్డు మెంబరు కాలం చేసి ఉప ఎన్నిక వచ్చింది. కొత్త నుయ్యి కావాలంటే తానే నిలబడాలని దేముడమ్మ అనుకుంది. మొగుడు కూర్మయ్య కాదనలేదు. అవుననీ అనలేదు. చుట్ట వెలిగించాడు.

నామినేషనుకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఓటర్ల జాబితాలో పేరుండాలి, బలపరిచే మనిషి అదే వార్డులో ఉండాలి. పక్కింటి గున్నమ్మ వేలిముద్ర వేసింది. ఆఫీసరు భర్త పేరడిగితే దేముడమ్మ తల వంచుకుంది.

"అది సెప్పదు బాబూ. కూర్మయ్య, రాసుకో," అంది గున్నమ్మ.

గుర్తు కుండ వచ్చింది. పోటీగా నిలబడ్డ నరసింగరావుది గొడుగు. అతను దేముడమ్మకు వరసకు బావ.

దేముడమ్మ పెళ్లి పిలుపుకు వెళ్లినట్టు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి ఓటడిగింది. నరసింగరావు తాంబూలాలు పంచాడు. వీధి వీధంతా ఇద్దరికీ "అలాగే" అంది. ఒక్క గడప వదిలినా ఆ ఇంటివాళ్లు ఏడాదిపాటు మాట్లాడరు గనక, అతను దేముడమ్మ గుమ్మంలోనూ ఆగి ఆమె చేతిలో తమలపాకులు పెట్టాడు.

"ఏటి దేముడమ్మా, నీ ఓటూ నాకే కదా?" అన్నాడు నవ్వుతూ.

"అలాగే బావా."

అతను మలుపు తిరగ్గానే గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒసే, నువ్వు నిలబడి ఆడికి మాటిచ్చీసినావేటే?"

"గుమ్మంలోకొచ్చి అడిగినోణ్ని నేదని ఎలా పంపీసీదే?"

"అనీసి ఊరుకో. అందరం అన్నాం. ఎవులం ఏస్తాం?"

"తాంబూలం అందుకున్నాను గదే."

పోలింగునాడు దేముడమ్మ చాటుకు వెళ్లి కుండ బొమ్మను కాసేపు చూసింది. తర్వాత గొడుగు మీద ముద్ర వేసి, కాగితం మడిచి పెట్టెలో వేసింది.

నరసింగరావు ఒక్క ఓటుతో గెలిచాడు.

దండతో ఇంటికి చేరేసరికి అతని గుమ్మంలో గున్నమ్మను వెంటబెట్టుకుని దేముడమ్మ నిలబడి ఉంది. "బావా, ఆ ఒక్క ఓటూ నాదే."

నరసింగరావు నవ్వబోయి గున్నమ్మ వైపు చూశాడు. గున్నమ్మ నవ్వడం లేదు.

"నిజివేనా?"

"నిజివే. నీ మీద నిలబడి నీకే ఏసిందీ ఎర్రిది," అంది గున్నమ్మ.

దేముడమ్మ కొంగులోంచి తమలపాకులు తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వడిగినావు, నానిచ్చినాను. ఇప్పుడు నానడగతన్నాను. మా ఈదికి నుయ్యి తవ్వించు."

దండ వేసినవాళ్లంతా చూస్తున్నారు. "అలాగే," అన్నాడు నరసింగరావు.

ఆ వీధిలో ఆ మాటకు ఎంత విలువుందో దేముడమ్మకు ఇప్పుడు తెలుసు. మర్నాటినుంచి రోజూ పొద్దున్నే, అతను పొలానికి బయల్దేరే వేళకు, ఖాళీ కుండ చంకన పెట్టుకుని ఎదురొచ్చేది. ఖాళీ కుండ ఎదురైతే అపశకునమని అతను వెనక్కి తిరిగి ఇంట్లో కూర్చునేవాడు. పొలంలో వేసవి దుక్కులు ఆగిపోయాయి.

వైశాఖం వెళ్లకముందే మెరకవీధిలో కొత్త నూతికి పలుగు పడింది.