బోణీకి ముందు దిగిపోయినవాళ్ళు

ఇస్సాక్‌కి చదువు రాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో బెజవాడ వన్ టౌన్‌లో చదువుకున్న మూర్ఖులం చాలామందిమే ఉండేవాళ్ళం. వీరభద్రయ్య గారి చీరల కొట్లో నేనూ వెంకటప్పయ్యా చీరలు విప్పి చూపించేవాళ్ళం. మేం విప్పినవి ఇస్సాక్ మడతపెట్టేవాడు. నా పనికి గొంతు కావాలి, అతని పనికి ఓపిక కావాలి. నాకు గొంతు ఒక్కటే ఉండేది.

బట్టల మీద సర్కారు కంట్రోలు ఎత్తేసిన ఏడాది అది. ఇక జనం ఎగబడతారనుకున్నాం. ఎగబడ్డారు, కానీ పక్క కొట్ల మీద. వీరభద్రయ్య గారు తను కూర్చునే పరుపు తూర్పుకి తిప్పించారు, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టించారు, బోర్డుకి కొత్త రంగు వేయించారు. గుమ్మడికాయ కుళ్ళింది గానీ వ్యాపారం పెరగలేదు. వైశాఖం మొదట్లో ఒకనాడు మా ముగ్గుర్నీ పిలిచి, "నెల్లాళ్ళు చూస్తానోయ్. ఈలోగా యాపారం పెరక్కపోతే మీలో ఒకణ్ణి మానిపించక తప్పదు," అన్నారు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ముందు నోరు జారింది నేనే. "మడతలు మేం పెట్టుకోగలమండీ," అన్నాను. ఇస్సాక్ పక్కనే ఉన్నాడు. ఇంట్లో భార్య సైదా, ముగ్గురు పిల్లలు. ఈ కొలువు తప్ప వేరే ఆధారం లేదు. అదంతా తెలిసే అన్నాను.

ఇస్సాక్ చేతిలో ఉన్న చీర మడత పూర్తిచేసి ఇంకోటి అందుకున్నాడు. నాలుగోనాడు మాత్రం పొద్దున్నే షావుకారు ముందు నిలబడి, "యాపారం పెరగడమంటే ఏం పెరగాలండీ?" అని అడిగాడు.

"అదేం ప్రశ్నోయ్! యాపారమే పెరగాలి!"

"కొట్టెక్కేవాళ్ళు పెరగాలా, ఎక్కినోళ్ళలో కొనేవాళ్ళు పెరగాలా, కొన్నోళ్ళే మళ్ళీ రావాలా?"

"అన్నీ పెరగాలి!"

"అన్నీ అంటే లెక్కెట్టడం నాకు చేతకాదండీ. ఒకటి చెప్పండి."

షావుకారుకి తిక్క రేగింది. అటూ ఇటూ చూసి, తల గోక్కుని, "మెట్టెక్కినోళ్ళు చీరైనా చూడకుండా దిగిపోతన్నారు. అదే నా ఏడుపు," అన్నారు.

"అయితే ఎంతమంది పోతన్నారో, ఏ పూట పోతన్నారో చూస్తానండీ."

నాకు ఒళ్ళు మండింది. మడతలు పెట్టుకునేవాడికి ఈ దర్యాప్తులెందుకు? అతను మాత్రం గోడ మేకుకి రెండు దారాలు కట్టాడు. పొద్దుటి పూట ఎవరైనా అలా దిగిపోతే ఎర్రదారానికి ముడి, మధ్యాహ్నం పోతే తెల్లదారానికి ముడి. వారం తిరిగేసరికి ఎర్రదారం సగం నిండిపోయింది. తెల్లదానికి మూడే ముళ్ళు. దాంతో ఇస్సాక్ ప్రశ్న కాస్త చిన్నదైంది. పొద్దుటి పూట ఈ కొట్లో ఏం జరుగుతోంది?

ఏం జరుగుతుందో మా అందరికీ తెలుసు. సంపూర్ణమ్మ గారు జరిగేవారు. చుట్టుపక్కల అమ్మలక్కల చీరల బేరాలన్నీ ఆవిడే చేసిపెట్టేవారు. రోజూ మేం కొట్టు ఊడుస్తుండగానే వచ్చి చాప మీద చతికిలబడేవారు. మా షావుకారుకి బోణీ పట్టింపు. మొదట మెట్టెక్కిన మనిషి కొనకుండా దిగితే ఆ రోజంతా చెడిపోతుందని ఆయన భయం. ఆ మొదటి బేరం తెగేదాకా ఇంకెవరికీ చీర విప్పకూడదు. ఆ సంగతి సంపూర్ణమ్మ గారికి మాకంటే బాగా తెలుసు.

"సగానికి ఇస్తారా, ఇంటికెళ్ళమంటారా వీరభద్రయ్య గారూ?" అని ఒక కాలు మెట్టు మీద పెట్టేవారు.

"అయ్యయ్యో! కూర్చోండి తల్లీ!" అని షావుకారు లేచి నిలబడేవారు.

ఇలా పదకొండు దాకా సాగేది. ఉయ్యూరు నుంచి మొదటి బస్సులో పెళ్ళిబట్టలకని వచ్చినవాళ్ళు ఈ భాగోతం కాసేపు చూసి పక్క కొట్టుకి నడిచేవాళ్ళు.

పక్షం రోజులయ్యాక ఇస్సాక్ దారాలు తెచ్చి షావుకారు ఒళ్ళో పెట్టాడు. ఎర్రవి యాభై రెండు ముళ్ళు, తెల్లవి ఆరు. "పొద్దుట పోయినోళ్ళంతా బోణీకి ముందు పోయినోళ్ళేనండీ."

"అంటే? మా తాతల నాటి బోణీ మానెయ్యమంటావా?" షావుకారు కళ్ళెర్రజేశారు. ఇక ఇతని పని అయిపోయిందనుకున్నాను.

"మానొద్దండీ. బోణీ చీరతోనే అవ్వాలా?"

మూడు తరాలుగా ఆ మాట ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారేసరికి గుమ్మం దగ్గర తుండుగుడ్డల కట్ట పెట్టాం. తోపుడుబండి తోసుకుపోయేవాడొకడు ఆగి, ఒకటి కొని తలకి చుట్టుకున్నాడు. షావుకారు ఆ డబ్బులు కళ్ళకద్దుకున్నారు. కాసేపటికి సంపూర్ణమ్మ గారు వచ్చారు, బేరమాడారు, అలవాటుగా కాలు మెట్టు మీద పెట్టారు.

"మంచిదమ్మా, వెళ్ళిరండి," అన్నారు షావుకారు.

ఆవిడ ఆ కాలు కిందికి దించాలో వెనక్కి తీసుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయారు. ఆవిణ్ణి తప్పుకుని ఉయ్యూరు వాళ్ళు కొట్టెక్కారు.

నెల తిరిగింది. షావుకారు ఎవర్నీ మానిపించలేదు. ఒకరోజు అన్నాల వేళ ఇస్సాక్ పక్కన కూర్చుని, ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు నేనన్న మాటకి నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదండీ? మొదటి మూడ్రోజులూ మీమీదే ముళ్ళేశా. ఒక చీర అమ్మడానికి మీరు పదమూడు విప్పుతారు. వెంకటప్పయ్య గారు అయిదు. మడతపెట్టేవాణ్ణి, నాకు తెలీదా? ఎవరు పోవాలన్న ప్రశ్నకి జవాబు అప్పుడే తేలిపోయింది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి షావుకారుకి చెప్పలేదేం?"

"జవాబు బాగోలేదండీ. మీకూ పిల్లలున్నారు. అందుకని ప్రశ్న మార్చా," అని అతను పచ్చడి కలుపుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. ఆ మధ్యాహ్నం వచ్చిన ఒకావిడకి పంతంగా అయిదంటే అయిదే చీరలు విప్పాను. ఆవిడ ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయింది. ఇస్సాక్ ఆ అయిదూ మడతపెట్టి, "ఇంకో రెండు విప్పాల్సిందండీ," అన్నాడు.