పనసచెట్టును తట్టి చూసిన రోజు

జూన్ 9, ఆదివారం. మబ్బు, గాలి లేదు. ఉన్నవారు: నేను, మా ఆవిడ, చెట్లు కొట్టే మేస్త్రి, తాడు పట్టే అతని బావమరిది, గోడ అవతల పక్కింటావిడ. పని: పెరట్లో పనసచెట్టు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. కాలువల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పనికి వెళ్ళినా ముందు ఎవరెవరు వచ్చారో రాసుకోవడం చేతికి అలవాటైపోయింది.

మా ఆవిడ ఎప్పుడో ద్రాక్షారామం గుడికి వెళ్ళొస్తూ కొన్న పండులోని గింజ పాతితే మొలిచిన చెట్టది. దాని తూర్పు కొమ్మ గోడ దాటి పక్కింటివాళ్ళ వంటషెడ్డు రేకుల మీదికి పోయింది. ఈ వేసవిలో ఆ కొమ్మ మొదట్లో నల్లటి నీరు కారడం మొదలైంది. వానలు వస్తే కొమ్మ విరిగి రేకుల మీద పడుతుందని పక్కింటావిడ భయం. ఆవిడ భయంలో తప్పులేదు. అయితే కుళ్ళు కొమ్మ వరకే ఉందా, మానులోకి దిగిందా? కొమ్మ ఒక్కటీ తీస్తే చాలా, చెట్టే కొట్టెయ్యాలా? అది మేస్త్రి తేల్చాలి. నేను ఆ మాటెత్తితే మా ఆవిడ రెండ్రోజులుగా లేచి లోపలికి వెళ్ళిపోతోంది.

మేస్త్రి నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఒక తుఫాను తర్వాత కాలువ గట్ల మీద పడిన చెట్లు తీయించడానికి మొదటిసారి పిలిపించాను. అప్పట్లో అతని సామానంతా ఒక గోనెసంచిలో పట్టేది. గొడ్డలి, రెండు కత్తులు, చేతిరంపం, కొబ్బరిపీచు మోకు. చెట్టెక్కే ముందు ఆ మోకును కాలువలో నానబెట్టేవాడు. "ఎండు తాడు మాట వినదండి" అనేవాడు. బావమరిది కింద నిలబడి తాడు చివర ఏ మొద్దుకో రెండు చుట్లు వేసి పట్టుకునేవాడు. పైనుంచి "వదులు" అంటే వదిలేవాడు, "ఆపు" అంటే కొమ్మ గాల్లో ఆగేది. ఎంత పెద్ద కొమ్మయినా చంటిపిల్లను పడుకోబెట్టినట్టు నేలమీదికి దిగేది. వాళ్ళ కేకలు లాకుల దాకా వినబడేవి. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీ విప్పితే పచ్చిచెక్క వాసనా ఆవకాయ వాసనా కలిసి వచ్చేవి. ఉద్యోగంలో ఎన్నో పెద్ద పనులు చేయించాను గానీ, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ గట్టే.

ఇప్పుడు వాళ్ళు ట్రాలీ ఆటోలో వస్తారు. మిషను రంపం, హెల్మెట్టు, నడుముకు బెల్టు, నైలాన్ తాళ్ళు.

ఆ ఆదివారం మేస్త్రి గొడ్డలి తిరగేసి, దాని వెనకవైపుతో మానును నాలుగైదు చోట్ల తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. మొహం దిగిపోయింది.

"లోపలంతా డొల్లేనండి. కొమ్మ తీసి లాభం లేదు. మొత్తం తీసేద్దాం."

మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ అవతల నుంచి పక్కింటావిడ కూడా "అయ్యో, చెట్టంతానా!" అంది.

బావమరిది తల గోక్కున్నాడు. "బావా, నీకిప్పుడు ఏది కొట్టినా డొల్లలాగే వినబడుతుంది. రాత్రి అక్క అన్నానికి పిలిస్తే నాలుగో పిలుపుకి పలికావు."

"మీ అక్క పిలిస్తే వినబడనట్టుండడం పెళ్ళయిన దగ్గర్నించీ అలవాటేరా."

అందరం నవ్వాం. మేస్త్రి నవ్వలేదు. నాతో అన్నాడు: "వాడన్నది నిజమేనండి. మిషను పట్టాక చెవులు తగ్గాయి. చెవుల్లో బిరడాలు పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే కింద వీడి కేక వినబడదు. కేక వినబడకపోతే చెట్టు మీద ఎలాగండి? అందుకని పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టుకోకపోయినా వినబడట్లేదు."

తర్వాత మా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మగారూ, పనసకాయ పండిందో లేదో తట్టి చెప్పేస్తారు కదండి. పచ్చిది గట్టిగా, పండింది డొల్లగా పలుకుతుంది, ఇదీ అంతే. ఇలా రండి."

మా ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మానుకి చెవి ఆనించింది. అతను తట్టాడు.

"పచ్చికాయ."

ఇంకాస్త పైన తట్టాడు. "ఇదీ పచ్చే." చుట్టూ తిరిగి తట్టాడు. అంతా పచ్చే. నిచ్చెన వేశారు. నేను పట్టుకుంటే నాలుగు మెట్లెక్కింది. కొమ్మ మొదట్లో తట్టేసరికి ఆగి, మళ్ళీ తట్టమంది.

"ఇది పండింది. బాగా పండింది."

చప్పుడు మారిన చోటల్లా మేస్త్రి సుద్దముక్కతో గీత పెట్టాడు. గీతలన్నీ కొమ్మ మొదట్లోనే ఉన్నాయి.

"సరిగ్గా విన్నావా?" అన్నాను నేను.

"ఇన్నేళ్ళుగా మిమ్మల్ని వింటున్నాను, చెట్టుని వినలేనా?"

"కొమ్మే తీద్దామండి" అన్నాడు మేస్త్రి. "కానీ నిజం తేలేది రేపు పొద్దున్నే. కోసిన చోట చుట్టూ పాలు ఊరితే మాను బాగున్నట్టు. నడుమ నల్లనీరు ఊరితే మాత్రం మళ్ళీ మిషను తేవాల్సిందే."

కొమ్మను నాలుగు ముక్కలుగా దించారు. ఇప్పుడు వాళ్ళమధ్య కేకల్లేవు. తాడు ఒకసారి గుంజితే వదలమని, రెండుసార్లు గుంజితే ఆపమని. ఒక్క రేకు పగల్లేదు. మానుకి దగ్గరి కోత మాత్రం బెరడు చీలకూడదని చేతిరంపంతోనే కోశాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది గానీ, ఆ రోజు తను సరిగ్గా భోంచేయలేదు.

మర్నాడు ఆరింటికే మేస్త్రి వచ్చాడు. నిచ్చెనెక్కి చూసి, దిగి, మా ఆవిణ్ణి ఎక్కమన్నాడు. నేను వెనక నిలబడ్డాను. కోతకి చుట్టూ పాలు ఊరి, తెల్లటి గాజులా గట్టిపడ్డాయి. ఒక పక్క మాత్రం రెండు వేళ్ళ వెడల్పున పాలు లేవు. నడుమ చెక్క పసుప్పచ్చగా, పొడిగా ఉంది.

ఆవిడ దిగాక మేస్త్రి మళ్ళీ ఎక్కి డబ్బా మూత తీసి, కోతకి కుళ్ళు పట్టకుండా కుంచెతో బోర్డో పేస్టు మందు రాయడం మొదలుపెట్టాడు.

"మరి ఆ రెండు వేళ్ళ మేర ఏంటండి?" అని అడిగింది మా ఆవిడ. అతనికి వినబడలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ అడిగింది.

"అది చెట్టు చూసుకుంటుందండి."

పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసింది. "ఏమైందండి, ఉంటుందా?"

"ఉంటుంది!" అని మా ఆవిడ గట్టిగా జవాబు చెప్పింది. నిచ్చెన మీదున్న మేస్త్రికి కూడా వినబడింది. తలూపాడు.