పరీక్ష నాడు రాళ్ళ దగ్గరికి

పలాస నుంచి ఉద్దానం మీదుగా సముద్రానికి పోయే దారిలో మా చెల్లెలి ఊరు. ఆ ఊరి జీడితోటలు దాటి, ఇసుకలో గంటసేపు ఉత్తరంగా నడిస్తే, నల్లటి రాళ్ళు కొన్ని సముద్రంలోకి దిగి ఉంటాయి. వాటి కోసం ఎవరూ పనిగట్టుకుని రారు. నేనూ, మా చెల్లెలి భర్తా మాత్రం నెలకి రెండు ఆదివారాలైనా వెళ్ళేవాళ్ళం. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం.

నేను టెక్కలిలో సోషల్ మాస్టారిని. అలలతో పాటు గులకరాళ్ళు గిరగిరా తిరిగి రాతిని ఎలా తొలుస్తాయో, అందులో రోలులాంటి గుంటలు ఎన్ని వేల ఏళ్ళకి ఏర్పడతాయో అక్కడ కూడా పాఠంలా చెప్పేవాణ్ణి. అతను జీడి రైతు. ఓపిగ్గా అంతా విని, "ఇది మా అత్త రోలు బావా. సూడు, ఎలాగ దంచేత్తందో" అనేవాడు. నిజంగానే అల వచ్చి ఆ గుంటలో పడినప్పుడల్లా లోపల్నుంచి దబ్‌మని చప్పుడొచ్చేది. అతని అత్తగారంటే మా అమ్మే. నాకు కోపం వచ్చేది కాదు, నవ్వొచ్చేది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఇద్దరు ఎదురుపడి "ఎంత?" అని అడిగితే అది క్రియాటినిన్ గురించే, కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే అంకె. అందుకే రక్తపరీక్షల శిబిరం పెట్టిన రోజున ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వరసలో నిలబడతారు, మగవాళ్ళు తోటల్లోకి జారుకుంటారు. జబ్బు లేదని కాదు, కాగితం చేతికి రానంతవరకూ లేనట్టే కదా అని. ఇలా తప్పించుకోవద్దని క్లాసులో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను.

ఒక ఆదివారం వాళ్ళ ఊరి బడిలోనే శిబిరం పెట్టారు. ముందురోజు చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నా మాట ఇనడు. నీ మాటైతే ఇంటాడు. నువ్వొచ్చి తీసుకెళ్ళు" అంది. సరేనన్నాను.

వెళ్ళాం. బడి గేటు దాకా వెళ్ళాం. లోపల బెంచీ మీద ఒకాయన చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. ఆ చేతికి రబ్బరు పట్టీ కడుతున్నారు. అది చూసి ఆగిపోయాను. ఆ మధ్య పొద్దున్నే లేస్తే నా పాదాలు బరువుగా, ఉబ్బినట్టు ఉండేవి. ఎవరికీ చెప్పలేదు. అతనితో పాటు నేనూ చెయ్యి చాపాలి. గేటు దగ్గరే వెనక్కి తిరిగాను.

"లైను సూసినావా? మధ్యాన్నం దాటిపోద్ది. ఇంకోసారి సేయిద్దాంలే. పద, రాళ్ళ కాడికెల్దాం" అన్నాను. బడిలో మాట్లాడే భాష కూడా మరిచిపోయాను.

అతను గేటు వైపోసారి, నా వైపోసారి చూశాడు. "మాస్టారివి, నువ్వే సెప్తే ఇంకేటి" అని నవ్వేశాడు.

ఆ రోజు పోటు తగ్గి, ఎప్పుడూ నీళ్ళలో ఉండే రాళ్ళు కూడా పైకి తేలాయి. వాటి పగుళ్ళలో నత్తలు అంటుకుని ఉన్నాయి. ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చున్నాం. నేను ఎప్పటికన్నా ఎక్కువ మాట్లాడాను.

తిరిగొచ్చేసరికి చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. "ఇచ్చినారా రక్తం?"

"ఇచ్చాం" అన్నాను. అతను వంగి చెప్పులు విప్పుకుంటున్నాడు.

తర్వాత రిపోర్టు గురించి అడిగితే, ఏమీ లేనివాళ్ళకి కబురు పంపరని నేనే సర్దిచెప్పాను. ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టి మళ్ళీ పరీక్ష చేయించుకోమని పోరలేదు.

ఏడాదిన్నర తర్వాత అతనికి వాంతులు పట్టుకున్నాయి, ముఖం ఉబ్బింది. పలాస తీసుకెళ్తే, ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ ఎనిమిది దాటింది. ముందే చూసుకుని ఉంటే మందులతో ఇంకొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాడేమో అన్నాడు డాక్టరు. వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. ఆ వారమే నేను ఎవరికీ చెప్పకుండా శ్రీకాకుళం వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. నాకు ఏమీ లేదు. ఆ కాగితం చూసుకుని సంతోషపడ్డాను. అది కూడా ఇక్కడ రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

చివరిసారి రాళ్ళ దగ్గరికి వెళ్దామన్నది అతనే. గంట నడక మూడు గంటలైంది. రోజుకి ఇన్నే నీళ్ళు తాగాలని డాక్టరు పెట్టిన లెక్క కాబట్టి చిన్న సీసాలోంచి నోరు తడుపుకుని మూత పెట్టేసేవాడు. ఎదురుగా అంత సముద్రం. నాకు తాగబుద్ధి కాలేదు.

రాయికి ఆనుకుని కూర్చున్నాక చెప్పాను. "ఆ రోజు లైను పెద్దదని కాదు బావా. నాకు భయమేసింది. నా గురించే."

"నాకు తెలవదేటి? నీ మొకం సూసినాను కదా."

"మరి ఎందుకొచ్చినావు?"

"నాకు మాత్రం భయం నేదా? నువ్వు రమ్మన్నావు, నాకు సాకు దొరికింది. నువ్వేం ఎత్తుకు రానేదు, నా కాళ్ళతోటే వచ్చినాను." సీసా మూత మళ్ళీ బిగించి, "నాకు భయమేత్తంది అని ఆ గేటుకాడ ఒక్క మాట అనుంటే బాగున్ను బావా. ఇద్దరం సెయ్యట్టుకుని ఎల్దుము" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చెల్లెలికి చెప్పేస్తానన్నాను.

"వొద్దు" అన్నాడు గట్టిగా. "నాను పోతే అది ఏడవడానికి నీ కాడికే కదా రావాలి."

వానలు మొదలయ్యాక పోయాడు. పన్నెండో రోజున వచ్చినవాళ్ళతో చెల్లెలు అంటోంది, "మా అన్నయ్య దగ్గరుండి రక్తం కూడా తీయించినాడు. అప్పుడు బాగానే ఉంది. మా రాత." అందరూ నావైపు దయగా చూశారు. నేను తల దించుకుంటే దుఃఖమనుకున్నారు.

ఆ చూపులు నేను ఎక్కువ రోజులు మోయలేకపోయాను. నెల తిరక్కుండానే వెళ్ళి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండునని కోరుకున్నాను.

ఆమె నా గురించి ఒక్క మాట కూడా అనలేదు. "ఆ రాత్రి మళ్ళీ అడిగినాను ఆయన్ని. నా తలమీద సెయ్యేసి సెప్పమన్నాను. ఏసి సెప్పినాడు, ఇచ్చినానని" అంది. తర్వాత లోపలికి వెళ్ళి పడుకుంది.

నేను నా బరువు దింపుకోవడానికే వెళ్ళానని అప్పుడు తెలిసింది. నా పిరికితనాన్ని కప్పడానికి అతను వేసిన ఒట్టు అది. పోయిన మనిషి గురించి ఆమెకి మిగిలింది నమ్మకమొక్కటే, దాన్ని కూడా నేనే తీసేశాను. బస్సు వేళయ్యేదాకా అరుగు మీద కూర్చుని, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.