మూడూ ఆడవే

కుక్కపిల్లను కొనొద్దు, ఎవరైనా ఇస్తే పెంచుకుందామని ఇంట్లో అనుకున్నాం. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్మే యాదమ్మ దగ్గర మూడు పిల్లలున్నాయంటే ఇవాళ మా ఆయనతో వెళ్లాను. ఆయన ఒక్కోదాన్నీ ఎత్తి, వెల్లకిలా తిప్పి చూసి, మళ్లీ టమాటా బాక్సులో పెట్టేశాడు.

"అన్నీ ఆడయే. వద్దు, రేపు పిల్లలు పెడితే మస్తు లొల్లి."

"పొద్దుగాల్నుంచి అందరు గిట్లనే చూసి పెడుతున్నరు అన్నా. మగయి ఎప్పుడో పోయినయ్," అంది యాదమ్మ.

ఆపరేషన్ చేయించొచ్చని ఆయనకు తెలియదా? తెలుసు. ఇద్దరూ ఆడపిల్లలే అయినా నాకేం ఫికర్ లేదని చుట్టాలందరికీ చెప్పుకునేదీ ఈ మనిషే. నాకు ఒళ్లు మండింది. ఒకదాన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్లం నలుగురం. మీ ఇంట్లో కుక్క మగదా? ఎందుకో కాస్త చెప్పండి.