బైండింగుకు వెళ్లిన పక్షుల పుస్తకం

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, మాఘమాసం మొదట్లో, నన్ను తెనాలి నుంచి రేపల్లె వైపు ఒక శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. చేరిన వారంలోనే రాహేలు టీచరుగారు వచ్చారు. ఆ ఊరి మిషను బడిలో ముప్పై ఏళ్లుగా మూడో తరగతి ఆవిడదే. ఆ నెలాఖరుకి రిటైర్మెంటు. వెళ్లేముందు బడి గోడ మీద సొంత ఖర్చుతో పెరటి పిట్టల బొమ్మలు వేయిస్తున్నారు. నల్లగా నిగనిగలాడే తేనెపిట్ట, దాని పక్కన పసుపు పొట్ట తేనెపిట్ట. కింద "మగ", "ఆడ" అని రాయించాలి. పెయింటరు రంగు కలుపుతూ, "ఆడదానికి మెడ ఇంతలా మెరుస్తదా అమ్మా?" అని అడిగాడట. అప్పటినుంచి ఆవిడకు అన్నం సయించడం లేదు.

"ఏటేటా పిల్లలకి అదే చెప్పానండి అన్నయ్యగారూ. నోటి మాటైతే గాలికి పోద్ది. గోడ మీద తప్పు రాసి పోతే ఎలాగండీ?" అన్నారు.

తెనాలిలో ఉండగా నేనే ఏరికోరి కొన్న పక్షుల ఫోటోల పుస్తకం ఒకటి వెంట తెచ్చి ఈ గ్రంథాలయంలో జమ చేశాను. గర్వంగా దాన్ని ముందు పెట్టాను. పేజీకొక పిట్ట, అన్నీ పెళ్లికొడుకుల్లా ముస్తాబైన మగవే. పసుపు పొట్టది అసలు లేనే లేదు. "గోడకి తగిలించుకోడానికి బాగుంటదండి," అన్నారావిడ. నాకు చుర్రుమంది గానీ, మాట నిజమే.

బీరువాలో అట్ట ఊడిన పాత పుస్తకం ఇంకొకటి ఉంది. చేత్తో వేసిన బొమ్మలు. ఒకదాన్నొకటి పోలిన పిట్టలన్నీ ఒకే పేజీలో, మగా ఆడా పక్కపక్కన, తేడా ఉన్నచోట చిన్న గీత. అందులో పసుపు పొట్టది వేరే జాతి మగపిట్టగా ఉంది. ఆవిడ నమ్మలేదు. ఇన్నేళ్లూ జ్ఞాపకం మీదే చెప్పాననీ, ఇక పుస్తకాన్నీ చెట్టు మీది పిట్టనీ పక్కపక్కన పెట్టి చూడందే ఒప్పుకోననీ అన్నారు. ఆ పుస్తకం మీదేమో "రిఫరెన్సు" ముద్ర ఉంది. అంటే అక్కడే కూర్చుని చూడాలి, ఇంటికివ్వరు. పుస్తకం గడప దాటకూడదు, పిట్ట గడప లోపలికి రాదు. కాసేపు ఆలోచించి, రిజిస్టరులో "బైండింగుకు పంపడమైనది" అని రాసి, సంచిలో పెట్టుకుని నేనే బయల్దేరాను. నా సర్వీసులో రిజిస్టరుకెక్కిన అబద్ధం అదొక్కటే.

మర్నాడు ఆదివారం, ఉదయం. బడి మందారచెట్టు ఎదురుగా రెండు కుర్చీలు వేసుకున్నాం. పొగమంచు ఇంకా విడలేదు. ఎక్కణ్ణుంచో మినుము చేల వాసన వస్తోంది. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టుంది. నల్లది వచ్చింది. దానివెంట వెలిసిన పసుపు రంగులో, మెరుపన్నది లేని పిట్ట ఒకటి వచ్చింది. అవి లేచిపోయాక పసుపు పొట్టది వాలింది. ఎండ తగిలి దాని మెడ ఊదాగా మెరిసింది. దానికీ ఓ తోడు ఉంది, గొంతు తెల్లగా. పేజీ మీద టీచరుగారి వేలు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగుతూ వెళ్లింది.

"రెండూ మగవేనండి!" అన్నారు చివరికి. "అయ్యో దేవుడా, ముప్పై ఏళ్లుగా వీళ్లిద్దరికీ నేనే పెళ్లి చేస్తున్నాను. అసలు పెళ్లాల వంక ఒక్కసారి చూళ్లేదు!" నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఆవిడంటే గౌరవమూ కలిగింది.

బొమ్మలు చెరిపించలేదు. పక్కనే మరో రెండు వేయించి, రెండు జంటలు చేశారు. కింద తానే కుంచె పట్టి రాశారు: "ముప్పై ఏళ్లు నేను తప్పు చెప్పాను. మీరు చూసి నేర్చుకోండి." సంతకం కూడా పెట్టారు.

పుస్తకాన్ని నిజంగానే బైండింగు చేయించాను. పైవాళ్లకు రాసి అనుమతి తెప్పించుకుని, రిఫరెన్సు ముద్ర రద్దు చేసి, ఇంటికిచ్చే పుస్తకాల్లో చేర్చాను. మొదట తీసుకెళ్లింది ఆవిడే. ఆ తర్వాత పక్షుల పుస్తకం ఎంపిక చేయాల్సి వచ్చిన ప్రతిసారీ, అందులో వెలిసిన రంగు ఆడపిట్ట బొమ్మ ఉందా అని ముందు చూశాను. లేకపోతే కొనలేదు.