గదికంతా ఒక్కటే కోటు

హన్మాండ్లు గురించి చెప్పమంటే ముందు నేను కోటు గురించి చెప్పాలి. అది లేకుండా అతని కథ లేదు, ఆ మాటకొస్తే మా ఎవరి కథా లేదు.

1990 ఆగస్టులో కువైట్ మీద దాడి జరిగిందని రేడియోలో వినగానే మా కంపెనీ ఇంజినీరు ఒకాయన ఉన్నపళంగా విమానమెక్కేశాడు. పోతూ పోతూ ఒక నీలం కోటు గదిలో వదిలేశాడు. గది ఊడ్చడానికి పోయిన నేను దాన్ని తెచ్చి, సౌదీలోని అల్ అజీజియాలో మా క్యాంపు గది మేకుకు తగిలించాను. బంగారు రంగు గుండీలు, లోపల పట్టులాంటి గుడ్డ. నడుము దగ్గర మాత్రం ఒక గుండీ ఊడిపోయింది.

ఆ రోజు నుంచి అది గది కోటు. ఇంటికి ఫోటో పంపాలనుకున్నవాడు శుక్రవారం పూట దాన్ని తొడుక్కుని, ఖోబర్ సముద్రపు ఒడ్డుకు పోయి, ఎవరిదో తెల్ల కారుకు ఆనుకుని నిలబడేవాడు. ఊడిన గుండీ కనబడకుండా ఎడమచెయ్యి అక్కడ పెట్టుకునేవాడు. కారు ఓనరు వచ్చేలోగా ఫోటో అయిపోవాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదీ మా సంగతి.

హన్మాండ్లుది కోరుట్ల దగ్గర పల్లె. 1989లో వచ్చాడు, ఏసీ మెకానిక్. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నన్ను "అన్నా" అని పిలుస్తాడు గానీ నా మాట ఒక్కటంటే ఒక్కటి వినడు. 1991 జనవరిలో యుద్ధం మొదలై సైరన్లు మోగుతుంటే మేమంతా కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాళ్లు కుక్కి, మంచాల కింద దూరి దేవుళ్లను పిలుచుకునేవాళ్లం. అలాంటి వారంలో, శుక్రవారం తెల్లారగానే ఈ మహానుభావుడు తల దువ్వుకుని కోటు తొడిగాడు.

"వారీ! పానాలు పోతుంటె ఫోటో ఏందిరా?" అని కసిరాను.

"ఇంటికాడ రేడియో ఇంటరు గదన్నా. ఏడుస్తుంటరు. ఫోటో జూస్తె ఊకుంటరు," అన్నాడు.

నేనే తీశాను ఆ ఫోటో. అతని చెవులు సైరన్ మీదే ఉన్నాయి, మొహం మాత్రం పెళ్లికొడుకులా నవ్వుతోంది. దాని వెనక "యుద్ధం మాకు చానా దూరం" అని రాసి పంపాడు. వాళ్లావిడ సరళ దానికి అద్దం కట్టించి గోడకు తగిలించిందట.

యుద్ధం పోయింది, ఏళ్లూ పోయాయి. హన్మాండ్లు ఈ దేశంలో ఏం చూశాడని అడగండి! ఖతీఫ్‌లో కొన్ని గదుల ఏసీలు, యాన్బులో కొన్ని గదుల ఏసీలు చూశాడు. యాన్బు పోవాలన్నా కంపెనీ కాగితం చేతిలో ఉండాలి. బహ్రెయిన్ వంతెన ఖోబర్ ఒడ్డున నిలబడితే కంటి ముందే కనబడుతుంది. దాని మీద కాలు పెట్టే యోగం లేదు, పాస్‌పోర్టు కంపెనీ లాకరులో ఉంటుంది. ఊరికి పోవాలన్నా వీసా ఇచ్చిన యజమాని కఫీల్ సంతకం పెట్టాలి, మేనేజరు ముదీర్ తలూపాలి. మాకిదంతా అలవాటైపోయింది, ఇందులో తప్పేముందని కూడా తోచేది కాదు.

ఇలాంటివాడి బిడ్డ సృజన 2014లో జర్మనీ పోయింది. ఆహెన్ అనే ఊళ్లో ఫీజు లేని సర్కారు యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. తనకు తానే సంపాదించుకున్న సీటు. అక్కడ విద్యార్థి కార్డు ఉంటే చుట్టుపక్కల రైళ్లకు టికెట్టు అక్కర్లేదట. వారమంతా చదవడం, ఆదివారం పొద్దున్నే రైలెక్కి ఒక ఊరు చూసి రాత్రికి గదికి చేరడం, ఇదీ ఆ పిల్ల పద్ధతి. రెండు గోపురాలు మబ్బుల్లోకి పొడుచుకుపోయిన కొలోన్ చర్చి, నల్ల కర్రల గోడలున్న ఇళ్లు, నది మీద పడవ, అన్నీ ఫోటోలుగా మా మెస్సులోకి వచ్చేవి. అప్పటికి నేను మెస్సు వంటవాణ్ని. నా పప్పు మాడినా అడిగేవాడు లేడు, అందరి తలలూ హన్మాండ్లు ఫోనులోనే ఉండేవి.

"ఏం మామా, మీ పాప సదువుకొనేదానికి పోయిందా, ఊర్లు తిరిగేదానికి పోయిందా?" అని రాయచోటి డ్రైవరు అల్లాబకాష్ ఆటపట్టించేవాడు.

"రెండిటికీ పంపిన. నీకేమన్న కడుపునొస్తుందా?" అనేవాడు హన్మాండ్లు. గర్వంతో ఆ మీసం కొసలు లేచేవి. ఏమాటకామాటే, నాకూ గర్వంగానే ఉండేది.

ఒక రోజు అన్నం కలుపుకుంటూ ఫోను చూస్తున్నవాడు చెయ్యి ఆపేశాడు. అన్నం అలాగే వదిలి లేచి గదికి పోయాడు. నేను వండింది వదిలేస్తే నాకు ఒళ్లు మండుతుంది. గరిటెతోనే వెంటపడ్డాను.

"ఏందిరా, ఉప్పెక్కువైందా?"

ఫోను నా ముందు పెట్టాడు. ఒక ఫోటోలో సృజన ఎర్ర కోటు వేసుకుని చర్చి ముందు నవ్వుతోంది. ఇంకో ఫోటోలో అదే ఎర్ర కోటు వేరే పిల్ల ఒంటి మీద ఉంది. ఆ పిల్లా నవ్వుతోంది.

"గది కోటన్నా," అన్నాడు. "నా బిడ్డ కష్టంల ఉన్నది. గీ నవ్వుడు జూడు. మనం గూడ గిట్లనే నవ్వలేదా?"

"పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనబడ్తది. ఊకో," అని తిట్టాను. తిట్టాను గానీ నాకూ అనుమానం పట్టుకుంది. కోటు ఎందుకు తొడుగుతారో మా ఇద్దరికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు తేల్చి చెప్పాడు. "ఆదివారం మాట్లాడ్త. అనుమానం నిజమైతె వాపస్ రమ్మంట. చదువు పోతె పాయె. బిడ్డను నా లెక్క బతకనియ్య."

ఆదివారం డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా మెస్సులో కూర్చున్నాడు. వీడియోలో సృజన కనబడింది. ఎర్ర కోటు, గాలికి ఎగిరే జుట్టు, వెనక గుట్ట మీది చెట్లు. "బాపూ!" అని అరిచింది. ఈయనకు పలకరింపూ లేదు, పాడూ లేదు.

"నీ చేతులు జూపియ్యి."

"ఏంది బాపూ?"

"జూపియ్యి బిడ్డా."

ఆ పిల్ల రెండు అరచేతులూ చూపించింది. హన్మాండ్లు ఫోనును ముక్కుకు ఆనించుకుని చూశాడు. కాయలు లేవు, కాలిన మచ్చలు లేవు.

"ఆ కోటు ఎవలది?"

"నాదే. పోయిన వారం పడవల మా దోస్తుకు సలి వెడ్తుందంటె ఇచ్చిన. ఎందుకు?"

"పాస్‌పోర్టు ఎవల తాన ఉన్నది?"

"ఎవల తాన ఉంటది? నా సంచిలనే ఉన్నది." తీసి చూపించి మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"ఇప్పుడేడున్నవ్? పోతున్ననని ఎవల్ని అడిగినవ్?"

"ఎవల్ని అడుగుడేంది బాపూ? బస్సెక్కినం, గుట్టెక్కినం. ఇగో, ఇది జూడు!" అంటూ ఫోను తిప్పింది. నిలువెత్తు రాయి ఒకటి ఉంది. మూడు దేశాల సరిహద్దులు ఆ రాయి దగ్గరే కలుస్తాయట. పిల్ల దాని చుట్టూ నడుస్తూ చెప్పింది. "ఇప్పుడు జర్మనీల ఉన్న. ఇగో, బెల్జియంల అడుగు వెట్టిన. ఇది హాలండ్. మళ్ల జర్మనీ!"

గేటు లేదు. పోలీసు లేడు. కాగితం అడిగేవాడు లేడు. "యా అల్లా, చెకింగే లేదు గదప్పా!" అన్నాడు అల్లాబకాష్.

"గివన్ని ఎందుకడుగుతున్నవ్?" అంది సృజన. హన్మాండ్లు ఫోను నా వైపు తిప్పాడు. నా నోరు ఊరుకుంటుందా?

"మీ బాపు నీ ఎర్ర కోటును మా నీలం కోటు అనుకున్నడు బిడ్డా," అనేశాను.

"గుండీ లేని కోటా పెద్దబాపూ?"

నా చేతిలో గరిటె జారిపోయింది. "నీకెట్ల తెల్సు?"

"మెట్‌పల్లిల మీ ఇంటికి పెండ్లికి వచ్చినప్పుడు గోడ మీద నీ ఫోటో జూసినం. గదే కోటు. చెయ్యి గూడ గక్కన్నే. బస్సుల నేను, అమ్మ నవ్వుకుంట నవ్వుకుంట పోయినం. ఇంటికి పోయినంక అమ్మ మా గోడ మీది ఫోటో జూసి ఏడ్సింది. బాపుకు చెప్పద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది." తర్వాత మెల్లగా అంది. "నువ్వు అక్కడ ఏం జూడలేదని గప్పుడే తెల్సింది బాపూ. గందుకే ఏడికి పోయినా ముందు నీకే పంపుత."

ఇన్నేళ్లుగా గోడ మీద ఫోటో నవ్వుతూనే ఉంది, దాని కింద ఇద్దరు ఆడవాళ్లు తెలిసీ తెలియనట్టే బతికారు. హన్మాండ్లు భుజం మీది తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. తిరిగి ఫోను వైపు చూసినప్పుడు ఆ మొహంలో ఉన్న సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకోసారి తిరుగు బిడ్డా, ఆ రాయి సుట్టు."

ఆ పిల్ల నవ్వుతూ తిరిగింది.

"మెల్లగ. పడ్తవ్. ఇంకొక్కసారి."

ఆ తర్వాతి శుక్రవారం నన్ను సముద్రపు ఒడ్డుకు లాక్కుపోయాడు. కంపెనీ డ్రెస్సులోనే నిలబడ్డాడు. కారు లేదు, వెనక వంతెన ఒక్కటే ఉంది. ఎడమచెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోబోతే గట్టిగా కిందికి దించి "తియ్యన్నా," అన్నాడు. ఆ ఫోటో ఆహెన్‌కు పోయింది, కోరుట్లకూ పోయింది.

ఇప్పుడు శుక్రవారాలు మెస్సులో నలుగురూ చేరితే ఎవరి గొప్పలు వాళ్లవి. ఒకడు కొడుకు రెండంతస్తుల ఇల్లు కట్టాడంటాడు, ఒకడు అల్లుడు పెద్ద కారు కొన్నాడంటాడు. హన్మాండ్లు అందరివీ విని, అన్నం ముద్ద మింగి, చర్చి గురించీ చెప్పడు, సీటు గురించీ చెప్పడు. ఒక్కటే మాట అంటాడు.

"నా బిడ్డ పాస్‌పోర్టు నా బిడ్డ సంచిలనే ఉంటది."

అంతే, అందరి గొప్పలూ అక్కడితో సరి. దేనికైనా ఎదురు జవాబు చెప్పే నేను కూడా కూర గిన్నె అతని వైపు జరుపుతాను.